క్యూ తోట దొర జాబులు

పెద్ద కుర్చీలో ఉన్న మనిషిని ఆ కుర్చీ మింగేసిందో లేదో తెలియాలంటే అతను స్నేహితులకు రాసిన ఉత్తరాలు చదవాలి. ఈ పరీక్షలో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్‌ని మించినవాడు విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో మరొకడు లేడని నా గట్టి నమ్మకం. జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ అభిమానులు ఒప్పుకోరు. ఆయన కలానికి పదునుంది, కాదనను. కానీ ఆ పదును ఎవరో చూసి మెచ్చుకోవాలన్నట్టు ఉంటుంది. హుకర్ చూపించుకోడానికి రాయడు. పని జరగడానికి రాస్తాడు, మధ్యలో మనసు బయటపడిపోతుంది.

దొరగారి చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1817లో పుట్టాడు. దక్షిణ ధ్రువ సముద్రాలూ, సిక్కిం కొండలూ తిరిగాడు. 1865లో తండ్రి పోయాక లండన్ చెంతనున్న క్యూ తోటకు డైరెక్టరయ్యాడు. 1873 నుంచి 1878 దాకా శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి అధ్యక్షుడు. ఆ పదవికి ఎగబడలేదు, వెనకాడుతూనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక తోట ఉద్యోగమూ మానలేదు, పుస్తకాలూ ఆపలేదు. మన దేశపు మొక్కల మీద ఏడు సంపుటాల ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ 1872లో మొదలై 1897లో గాని పూర్తి కాలేదు. గోదావరి గట్టున దొరికిన మొక్క పేరు తేల్చుకోడానికి మన వృక్షశాస్త్రం మాస్టార్లు ఇప్పటికీ ఆ సంపుటాలు తిరగేస్తుంటారు.

ఇక జాబుల పనితనం. 1840లో పెన్నీ పోస్టు వచ్చాక అర ఔన్సు ఉత్తరం ఒక్క పెన్నీకి దేశంలో ఎక్కడికైనా చేరేది. లండన్‌లో రోజుకు ఎన్నోసార్లు బట్వాడా. దాంతో ఉత్తరమే ప్రయోగశాల అయిపోయింది. డౌన్ గ్రామంలో డార్విన్‌కు ఒక సందేహం వస్తుంది, క్యూకి జాబు పోతుంది, జవాబుతో పాటు కవర్లో విత్తనాలో ఎండిన ఆకో దిగుతాయి. కావలసిన ముక్కను డార్విన్ ఉత్తరం నుంచి కత్తెరతో కోసి, ఆ విషయానికి పెట్టుకున్న దస్త్రంలో దాచేవాడు. అందుకే హుకర్ ఉత్తరాలు కొన్ని ఇవాళ చిల్లులతో దొరుకుతాయి. ఆ చిల్లుల మీద నాకు కోపం లేదు. పనికొచ్చిన మాటకు అంతకు మించిన గౌరవం ఏముంది?

అసలు నేర్పు దేనికేది కలపాలో తెలియడంలో ఉంది. ఒకే కాగితం మీద మొక్క గురించి ప్రశ్న, మంత్రి మీద కడుపుమంట, పిల్లల జ్వరం, ఎవరికి ఓటెయ్యాలన్న గుసగుస, మళ్లీ మొక్క. అదే మనిషి ప్రభుత్వానికి రాసేటప్పుడు ఒక్క మాట జారడు. తారీకులు, ఉత్తర్వులు, ఎవరు ఎవరిని అడగకుండా ఏం చేశారు, అంతే. ఎయిర్టన్ గొడవలో ఈ రెండు చేతుల రాత పక్కపక్కన పెట్టి చూడాలి.

యాక్టన్ స్మీ ఎయిర్టన్ గ్లాడ్‌స్టన్ ప్రభుత్వంలో పబ్లిక్ వర్క్స్ చూసే మంత్రి. క్యూ తోట ఆయన చేతి కిందిది. శాస్త్రవేత్తంటే జీతానికి పనిచేసే తోటమాలి అనుకున్నాడు కాబోలు, డైరెక్టర్ని అడగకుండా తోట వ్యవహారాల్లో వేలు పెట్టడం మొదలెట్టాడు. హుకర్ అరవలేదు. ప్రధాని ఆంతరంగిక కార్యదర్శికి ఉత్తరం మీద ఉత్తరం రాస్తూ రికార్డు పేర్చాడు. రిచర్డ్ ఓవెన్ క్యూకి వ్యతిరేకంగా నివేదిక ఇచ్చి ఎయిర్టన్ పక్షం చేరాడు. ఎముకల శాస్త్రంలో ఎంత గొప్పవాడైనా ఈ ఒక్క పనికి ఆయన్ని నేను క్షమించలేను. 1872లో భౌతికశాస్త్రవేత్త టిండాల్ ముందు నిలిచి భూగర్భశాస్త్రవేత్త లైయల్, డార్విన్, హక్స్‌లీలతో సంతకాలు పెట్టించి ప్రధానికి విజ్ఞాపన పంపాడు. పార్లమెంటులో చర్చయింది. మరుసటి ఏడు ఎయిర్టన్‌ని ఆ శాఖ నుంచి మార్చారు, 1874 ఎన్నికల్లో ఆయన సీటూ పోయింది. హుకర్ రాయల్ సొసైటీ పీఠమెక్కింది ఎయిర్టన్ శాఖ మారిన ఏడాదే. జాబుల బలమంటే అది!

1874 చూడండి. అధ్యక్ష పదవి, తోట ఆఫీసు, కమిటీలు. వాటి నడుమ డార్విన్ అడిగాడని పురుగుల్ని తినే నెపెంథిస్ మొక్క కూజాల్లో కోడిగుడ్డు తెల్లసొన, పచ్చి మాంసం ముక్కలు వేసి అవి అరుగుతున్నాయో లేదో పరీక్షించాడు. ఆగస్టులో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో ఆ ఫలితాలు వినిపించాడు. నవంబరు 13న భార్య ఫ్రాన్సెస్ హఠాత్తుగా పోయింది. ఇంట్లో తల్లి లేని ఆరుగురు పిల్లలు. సరిగ్గా పదిహేడు రోజులకు, నవంబరు 30న, సొసైటీ వార్షికోత్సవం. ఆ రోజుల్లో హుకర్‌ని నిలబెట్టినవి పదవీ మర్యాదలు కావు, డౌన్ నుంచి వచ్చే కాగితాలే అని నేనంటాను. డార్విన్‌కు దుఃఖం కొత్త కాదు. పదేళ్ల కూతురు యానీని పోగొట్టుకున్నవాడు. 1863లో హుకర్ ఆరేళ్ల కూతురు పోయినప్పుడు కూడా ఆయన డార్విన్‌కే రాసుకున్నాడు. అలా పోగుపడిన స్నేహం ఇద్దరి మధ్యా దాదాపు 1,400 ఉత్తరాలు.

ఇప్పటి సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. డార్విన్ బొమ్మ పక్కన, బలం కాదు సర్దుబాటే బతికిస్తుందన్న అర్థం వచ్చే వాక్యం అచ్చేసి పొద్దున్నే వాట్సాప్‌లో పంపిస్తారు. అది డార్విన్ రాయలేదు. 1960లలో అమెరికాలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పిన లియాన్ మెగిన్సన్ మాటలు నోటా నోటా నలిగి అలా తయారయ్యాయి. అసలు జాబులు వేలకొద్దీ ఉండగా ఈ నకిలీ సరుకెందుకు? పెద్ద సంస్థల అధిపతుల ఈమెయిళ్లు చూస్తే మరీ నీరసం. “తగు చర్య నిమిత్తం” అని తోసెయ్యడం, నలభైమందికి కాపీ పెట్టడం. ఇప్పుడు ఆ రెండు వాక్యాలు కూడా యంత్రంతో రాయించుకుంటున్నారు. రిటైరైన రోజున అకౌంటు మూసేస్తారు, ఉన్నదీ మాయం. మన విశ్వవిద్యాలయాల పెద్దలారా, మీ ల్యాబుల్లో తలనెరిసినవాళ్ల ఉత్తరాలు, నోటుపుస్తకాలు పాతకాగితాల వాడికి తూకానికి వెయ్యకముందే ఒక్క బీరువా కేటాయించండి!

క్యూలో ఆ బీరువా ఉంది. హుకర్ ఉత్తరాలను చదివి, అక్షరం అక్షరం ఎత్తిరాసే పనిలో స్వచ్ఛంద సేవకులు కూడా చెయ్యేశారు. ఆయన దస్తూరీ తెలిసినవాళ్లకు వాళ్ల ఓపిక ఎంతదో అర్థమవుతుంది. డార్విన్‌కు మాత్రం 1974లో మొదలుపెట్టి 2022లో ముగించి, కేంబ్రిడ్జి వాళ్లు 30 సంపుటాలు అచ్చేశారు. పదిహేను వేలకు పైగా ఉత్తరాలు. చెయ్యాల్సిందే, సంతోషం. టిండాల్ ఉత్తరాలూ సంపుటాలుగా వస్తున్నాయి. ఇద్దరికీ మిత్రుడై, తోటా సొసైటీ మోస్తూ ఇద్దరికీ జవాబులు రాసిన మనిషికి 1918లో హక్స్‌లీ కొడుకు లియొనార్డ్ కూర్చిన రెండు సంపుటాల జీవితచరిత్రతో సరిపెట్టడం ఏం న్యాయం? అంత పెద్ద కేంబ్రిడ్జికి, అంత పాత రాయల్ సొసైటీకి ఆ ఖర్చు ఒక లెక్కా?