మడి అంచున మేస్త్రీ చేయి

ఏ ఆఫీసు ఆవరణలోకి వెళ్లినా, ఏ రైల్వే స్టేషన్ ముందు పూల మడి చూసినా కనిపించేవే: నేలలో ఏటవాలుగా పాతిన ఇటుకలు, ఒకదానికి జాజు, పక్కదానికి సున్నం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవి కాబట్టి వాటి మీద ఎవరి చూపూ నిలవదు. నా మటుకు నాకు ఇంటి తోటలో పనివాడి పనితనం తేటతెల్లంగా తెలిసేది ఈ అంచు దగ్గరే. మొక్కను తప్పు చోట పెడితే తీసి మరోచోట నాటుకోవచ్చు. కుండీని జరుపుకోవచ్చు. అంచు గాడి తప్పితే మాత్రం ప్రతి వానకూ ఆ తప్పు బయటపడుతూనే ఉంటుంది.

అంచు కట్టేది ముందు నీటి కోసం, తర్వాతే కంటి కోసం. మడిలో వేసిన ఎరువు, మెత్తటి మట్టి వానకు కొట్టుకుపోకుండా నిలవాలి. ఎక్కువైన నీరు మాత్రం మడిలో మురగకుండా పోవాలి. పక్కన పచ్చిక ఉంటే గరిక ఇవతలికి పాకకూడదు. గరిక నేల మీదా పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. అందుకే పైపైన పేర్చిన ఇటుకలు దాన్ని ఆపలేవు.

చేయి తిరిగిన మేస్త్రీ రంపపుపళ్ల అంచు ఎలా కడతాడో దగ్గర నిలబడి చూడండి. ముందు ఇటుకలను ఏరతాడు. రెండింటిని చేతుల్లోకి తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి, ఖంగున మోగినవే పక్కన పెడతాడు. సరిగా కాలని ఇటుక తడి నేలలో నాని పొరలు పొరలుగా రాలిపోతుంది. తర్వాత రెండు చివరలా మేకులు దిగ్గొట్టి దారం లాగుతాడు. దారం కింద ఆరంగుళాల లోతున గాడి తీసి అడుగును దిమ్మిసతో గట్టిపరుస్తాడు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల మందం ఉన్న ఇటుకను 45 డిగ్రీల వాలులో పెడితే అడుగు నుంచి కొస దాకా ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు వస్తుంది. పైకి పన్నులా కనిపించేది అందులో రెండంగుళాల పైచిలుకే. మిగిలినదంతా నేలలోనే. పన్నుకూ పన్నుకూ మధ్య దూరం నాలుగుంబావు అంగుళాలు కాబట్టి పది అడుగుల అంచుకు దాదాపు 28 ఇటుకలు పడతాయి. ఈ లెక్క మేస్త్రీ కాగితం మీద వేయడు. మడి పొడవు చూసి ఇటుకలు ఎన్ని దింపుకోవాలో నోటితోనే చెబుతాడు.

అసలు పరీక్ష మొదటి ఇటుక. మిగతావన్నీ ముందున్నదాని మీద వాలతాయి, దానికి మాత్రం ఆసరా లేదు. అందుకే గాడి చివరను అదే వాలులో చెక్కి, మొదటి ఇటుక వెనక మట్టిని తడిపి కుక్కి కుక్కి బిగిస్తాడు. ఆ వాలు పిసరంత తప్పినా వరుసంతా తప్పుతుంది. తర్వాత ఒక్కో ఇటుకను దారానికి ఆనించి, కొసను సుత్తి పిడితో తట్టి దించుతాడు. నాలుగైదు పెట్టాక రసమట్టం వేసి, నేల మీదకు వంగి ఒక కన్ను మూసి వరుస పొడవునా చూస్తాడు. రసమట్టం చూపించని తేడా ఆ కన్నుకు దొరుకుతుంది.

వంపు తిరిగే మడికి రంపపుపళ్లు కుదరవు. రబ్బరు పైపును నేల మీద పరిచి, అటూ ఇటూ జరిపి, గేటు దగ్గర నుంచీ మేడ మీద నుంచీ చూసి గీత ఖాయం చేస్తారు. ఇటుకలను నిలువుగా పాతితే లోపలి అంచులు తాకుతూ, బయటి అంచులు విసనకర్రలా విచ్చుకుంటాయి. సందులన్నీ ఒకే వెడల్పున ఉన్నాయంటే మంచి చేయి పడినట్టే.

నేలను బట్టి పని మారుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద సిమెంటుతో బిగించిన అంచు పగలక మానదు. తెలిసినవాడు గాడి ఇంకాస్త లోతుగా తీసి, మొరం పరిచి, ఇసుక మీద ఇటుకలు పెడతాడు. ఏదైనా లేస్తే ఆ ఒక్కటే తీసి సర్దుకోవచ్చు. సిమెంటే కావాలన్నప్పుడు పల్లం వైపు నీరు పోయేందుకు సందులు వదలాలి. తాండూరు, బేతంచర్ల నాపరాళ్లను పట్టీలుగా కోయించి నిలువుగా పాతితే అంచు సన్నగా, తీరుగా ఉంటుంది. అయితే అది సున్నపురాయి. దాని పక్కనే, లేదా సిమెంటు పక్కనే నూరువరహాలు నాటితే ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపు తిరుగుతుంది. సున్నం చేరిన మట్టిలో ఆ మొక్కకు ఇనుము అందదు. మొక్కా రాయీ రెండూ తెలిసినవాడు ఆ చోట పొడి ఇటుకలే వాడతాడు.

మొక్కలతోనే అంచు తీర్చడం మరో విద్య. రాజమండ్రి దగ్గరి కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశమంతటికీ మొక్కలు వెళతాయి. తోటలు వేసే పనీ అక్కడ కొందరు ఒప్పుకుంటారు. పసుపు డ్యురాంటా అంచును కత్తిరించే తీరు చూస్తే తోటమాలి ఎలాంటివాడో తెలుస్తుంది. పైన వెడల్పు, కింద సన్నం అయితే అడుగు ఆకులకు ఎండ తగలక రాలిపోయి బోడి కాడలు కనిపిస్తాయి. ఎరిగినవాడు అడుగున కాస్త వెడల్పు, పైకి పోనుపోను సన్నం ఉంచుతాడు.

పనికి మనిషిని పెట్టుకునే ముందు ఫొటోలు చూసి మురిసిపోకండి. ఒక వానాకాలం దాటిన పాత పని చూపించమనండి. గాడి లోతెంత, అడుగున ఏం వేస్తారు, వాన నీరు ఎటు పోతుంది అని అడగండి. నాటిన మొక్క చస్తే ఎన్నాళ్ల దాకా మారుస్తారో, మిగిలిన మట్టి, ఇటుక ముక్కలు ఎవరు ఎత్తాలో ముందే మాట్లాడుకోండి. అడుగు లెక్కన గుత్తకిస్తే తొందర పెరిగి గాడి లోతు తగ్గే ప్రమాదం ఉంది. చిన్న తోటకు రోజు కూలి మీద చేయించుకోవడమే మేలు.

మొదటి రోజు సాయంత్రానికి మన కంటికి కనిపించేది తవ్విన గాడి, లాగిన దారం, అంతే. ‘ఇంతేనా అయింది?’ అనకండి. ఏళ్ల తరబడి అంచును నిలబెట్టేది ఆ రోజు చేసిన పనే. ఆ రోజు కూలి సంతోషంగా ఇచ్చే యజమానికే మంచి అంచు దక్కుతుంది.