మూడు గొట్టముల తుపాకి, దాని తూటా

జర్మనీలోని సూల్ పట్టణమందును ఆస్ట్రియాలోని ఫెర్లాహ్ పట్టణమందును తరతరములుగా తుపాకుల పనిచేసి బ్రదికిన శిల్పులు, రెండు రవ్వల గొట్టములను ప్రక్కప్రక్కన నిలిపి, వాని క్రింద ఒక రైఫిలు గొట్టమును అతికి, దినమెల్ల భుజమున మోసికొని తిరుగుటకు వీలగునంత తేలికగా రూపొందించిన ఆయుధమునకు డ్రిల్లింగు అని పేరు. ఆ దేశపు వేటలో ఒకే ఉదయమున పొదనుండి కుందేలు లేవవచ్చును, ఫెజంటు పక్షి ఎగురవచ్చును, మరుక్షణమున అడవిపంది కంటబడవచ్చును. ఏది ఎదురగునో ఎరుగని వేటగానికి రవ్వలును గుండును ఒక్క చేతిలోనే ఉండవలెను. పెక్కు డ్రిల్లింగులలో పిడిమీది చిన్న మీటను ముందునకు త్రోసినంతనే ముందరి ట్రిగ్గరు కుడి గొట్టమును విడిచి రైఫిలు గొట్టమునకు లోబడును. ఆ కదలికతోడనే అంతవరకు పడుకొనియున్న వెనుకటి గురికమ్మి తానై లేచి నిలుచును. ఇంతటి చమత్కారమును మూడు కిలోల ఇనుములో ఇమిడించినవారి బుద్ధిసూక్ష్మత వేటయందు ప్రీతి లేనివానికి సైతము ముచ్చట గొలుపును.

అయినను నూరేండ్ల నాటి డ్రిల్లింగు నేడు ఒకని చేతికి వచ్చెనేని, వానికి మొదట కలుగు చిక్కు తుపాకిని గూర్చినది గాదు, తూటాను గూర్చినది. 1884లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు పోల్ వియేయ్ పొగరాని మందును కనుగొన్న పిమ్మట ఐరోపాలో పాత నల్లమందు తూటాలును క్రొత్తవియు చాలకాలము కలసి జీవించినవి. ఆ సంధికాలమున పుట్టిన కొలతలలో పెక్కింటిని కార్ఖానాలు ఏనాడో మానివేసినవి. తుపాకి నిలిచినది, తూటా గతించినది. 9.3×74 ఆర్ తూటా నేటికిని తయారగుచున్నది గనుక, రెండవ ప్రపంచయుద్ధమున జర్మను వైమానికుల ఆత్మరక్షణకై సౌయర్ సంస్థ చేసిన డ్రిల్లింగు గలవారికి ఈ చింత తక్కువ. (ఎడారిలో విమానము కూలినచో ఉపయోగపడుటకై అంతటి మేలిపనితనపు వేటతుపాకిని ఒక సైన్యము కొనుట యుద్ధచరిత్రలోని వింతలలో ఒకటి.) తక్కినవారు వెదకుకొనక తప్పదు.

వెదకుట యనగా అంగళ్లు తిరుగుట కాదు. మొట్టమొదట తుపాకిని చదువుట. 1891లో జర్మనీ చేసిన శాసనము 1893లో అమలునకు వచ్చినది మొదలు, ప్రతి గొట్టమును పరీక్షాలయమున పేల్చి చూచి, దాని అడుగుభాగమున ముద్రలు వేయుట నియమమైనది. తామ్రశాసనమును చదువు పండితునివలె భూతద్దము చేతబట్టినవానికి ఆ ముద్రలు చాల సంగతులు చెప్పును. కిరీటము క్రింద యూ అక్షరమున్న పరీక్ష ముగిసినదనియు, జీ అక్షరమున్న లోపల గాడులు గలవనియు, డబ్ల్యూ అక్షరమున్న గొట్టపు మూతి ఇరుకు చేయబడినదనియు అర్థము. 172.28 అను సంఖ్య కనబడినచో బెదరనక్కరలేదు: పౌను సీసముతో ఎన్ని సమానమైన గుండ్లు పోయవచ్చునో ఆ లెక్కన బోరును చెప్పు ప్రాచీన పద్ధతి అది; మన లెక్కలో 7.62 మిల్లీమీటర్లు. నైట్రో అను ముద్ర ఉన్నచో పొగరాని మందుతో పరీక్షింపబడినదని తెలియును. లేనిచో ఆ గొట్టము నల్లమందు కాలపుదని భావించి జాగ్రత్తపడుట మేలు.

ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టముల విషయమున మరింత మెలకువ కావలెను. 1888 నాటి సైనిక తూటా గుండు వ్యాసము 8.08 మిల్లీమీటర్లు, 1905లో వచ్చిన మొనదేలిన గుండుది 8.20. కంటికానని ఈ వెంట్రుకవాసి తేడావలన, పాతగొట్టములో క్రొత్తగుండు పడినచో పీడనము ప్రమాదకరముగా పెరుగును. కావుననే వేటతూటాలు నేటికిని రెండు పేర్లతో వేరువేరుగా అమ్ముడగుచున్నవి. రవ్వల గొట్టములును ఇట్టి మోసమే చేయగలవు: ఆనాటి 16 బోరు తుపాకుల తూటాగది పెక్కింటిలో 65 మిల్లీమీటర్లు, ఈనాటి సాధారణపు తూటా 70. పొట్టిగదిలో పొడుగు తూటా చక్కగా దూరును. పేలినప్పుడు దాని మూతి విచ్చుకొనుటకు తావు చాలక పోవును. చక్కగా దూరుటయే ఇందలి అపాయము.

ముద్రలు చెప్పనిదానిని లోహము చేత చెప్పించెదరు. మరుగునీటికంటె తక్కువ వేడికే కరుగు బిస్మతు మిశ్రలోహమును తూటాగదిలో పోసి, గట్టిపడిన పిదప వెలికితీసి కొలిచినచో గది ఆకృతి యథాతథముగా తెలియును. అయితే ఆ అచ్చు మొదట కొంత కుంచించుకొని, సుమారు గంటసేపటికి గాని సరియైన కొలతకు రాదు గనుక తొందరపాటు పనికిరాదు. మెత్తని సీసపు ముద్దను గొట్టము వెంబడి త్రోసి, దానిపై పడిన గాడుల గుర్తులను కొలిచి గుండు వ్యాసమును నిశ్చయింతురు. 9.3×72 ఆర్ వంటి పాత కొలతలలో ఒక పనివాని గొట్టమునకును మరియొకని గొట్టమునకును పొంతన ఉండదు. కాగితము మీది కొలతను నమ్మినవాడు చెడును.

ఆపై ఇత్తడి తొడుగు. లక్ష్యభేదన పోటీలకై పుట్టి చిన్నవేటకును పనికివచ్చిన 8.15×46 ఆర్ తూటాకు, అమెరికాలో సులభముగా దొరకు .30-30 తొడుగును అచ్చులో సాగదీసి, కోసి, మూతిని వేడిచేసి మెత్తబరచి రూపము దిద్దుదురు. ఇట్టి తుపాకులకు అడుగున వెడల్పైన అంచుగల తొడుగే ఏల యనగా, మడతబెట్టి తెరచినప్పుడు తూటాను పైకి లాగు కొక్కెము పట్టుకొనునది ఆ అంచునే.

మందు నింపువాని అసలు పరీక్ష ఇంతటితో ముగియదు. అతుకబడిన మూడు గొట్టములును ఒకే గురికమ్మిని పంచుకొనుచున్నవి. వానిని అతికిన శిల్పి ఒకానొక గుండు బరువును వేగమును మనసున నుంచుకొని సరిచేసియుండును. దానికి భిన్నమైన తూటా, సురక్షితమే యైనను, గురికి ప్రక్కగా పోవును. కావున నేర్పరి వేగమునకై ఆశపడక, ప్రచురింపబడిన పట్టికలలోని కనిష్ఠపు కొలతతో మొదలిడి, గొట్టము చల్లారువరకు వేచి, ఒక్కొక్కటిగా పేల్చి చూచుచు ఆ శిల్పి మనసులోని తూటాను సమీపించును. క్రొత్త తూటా పట్టుటకై పాత గదిని దొలిపించుట నా దృష్టిలో మరమ్మతు గాదు, ధ్వంసము. యుద్ధానంతరము సైనికులు తూటాలు లేకయే అమెరికాకు తీసికొనిపోయిన తుపాకులలో కొన్నింటికి అట్టి గతియే పట్టినది. ఎరిగిన కొనుగోలుదారులు నగిషీని చూచుటకు ముందే, తుపాకితో పాటు అచ్చులును తొడుగులును పాత యజమాని వ్రాసికొన్న తూటాల పుస్తకమును వచ్చునా యని అడుగుట అందువలననే.