చేత తాకరాని కొమ్ము

వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలను లెక్కించుచు పానకములను, ఆసవములను కూర్చుటను గూడ నొక కళగా చేర్చినాడు గాని, కూర్చినదానిని వాకిట నిలిచి పరుని పెదవుల కందించు నేర్పును వేరుగా పేర్కొనలేదు. అది ధర్మశాస్త్రకారుల యధికారమని విడిచెనేమో! ఆతిథ్యము మంచి మనసునుండి దానంతట నదియే పుట్టునని మనలో పెక్కురి నమ్మకము. చైనా దేశపు నైఋతిభాగమున, గుయిజౌ రాష్ట్రమునందలి లాంగ్‌దె యను మియావో గ్రామమును చూచిన పిదప, అది అభ్యాసమున గాని పట్టుబడని విద్యయనియు, ఇచ్చువానికే గాక పుచ్చుకొనువానికిని నియమములు గల విద్యయనియు నాకు తోచుచున్నది.

మియావో, దోంగ్ జాతుల పేర 1956లో ఏర్పడిన స్వయంపాలక మండలమునకు కైలి ముఖ్యపట్టణము. అచ్చటినుండి సుమారు 30 కిలోమీటర్లు లేషాన్ దిక్కుగా పోయినచో, మెట్లు మెట్లుగా దిగు వరిమళ్ల నడుమ, నల్లని పెంకుల కప్పులతో లాంగ్‌దె కానవచ్చును. ఇండ్ల వెనుకభాగము కొండవాలున ఆనియుండగా ముందుభాగము కంబములపై నిలిచియుండును. ఇనుపమేకుల అక్కర లేకయే కుసులను బెజ్జములలో బిగించి కట్టిన కొయ్యయిండ్లవి. క్రింద పశువులును పనిముట్లును, నడుమ మనుష్యులు, అటకమీద ధాన్యము. ఈ వడ్రంగపు విద్యను చైనా ప్రభుత్వము 2006లో జాతీయ వారసత్వ పట్టిక కెక్కించినది.

ఊరిలోనికి పోవు బాటపై పన్నెండు తావుల స్త్రీలు బియ్యపు మద్యము నింపిన పాత్రలతో దారి కడ్డముగా నిలుతురు. లూషెంగ్ అను వెదురుగొట్టముల వాద్యము మ్రోగుచుండ, తలలపై వెండికొమ్ముల కిరీటములును వక్షస్థలములపై వెండిహారములును కదలికకొక ధ్వని చేయుచుండ, పాడుచు పాత్ర చాతురు. మన పూజలో షోడశోపచారములకు పూర్వాపరము లున్నట్లే ఈ పన్నెండింటికిని క్రమమున్నది. తుదిదైన ఊరివాకిట పాత్రకు మారుగా కొమ్ము వచ్చును. ఆ కొమ్మును చేత తాకినవాడు దానిలోని మద్యమునంతయు త్రాగవలసినదే. అందుచేత నెరిగినవారు చేతులు వెనుకకు కట్టుకొని, మెడ చాచి, పెదవులు మాత్రమే ఆనింతురు.

దీనిని వేడుకగా చూచి నవ్వి పోవువారు పెక్కుమంది. నాకు మాత్రము ఈ విద్యకు కీలకము అచ్చటనే యున్నదని తోచినది. చేతులు వెనుకకు పోయిన యతిథి కొలతను ఆతిథేయికి వదలివేసినవాడు. అతని కంఠమున కెంత పట్టునో, కన్నులు చూచి, క్షణమాత్రములో గ్రహించి, కొమ్మును అంతమాత్రమే వంచుట ఆమె నేర్పు. నాకు పోసిన ముదుసలి ముఖము గాంభీర్యము వీడలేదు, ఒక్క బొట్టు నా అంగీపై పడలేదు. సమీపమందే యున్న షీజియాంగ్ అను వేయియిండ్ల పెద్ద గ్రామములో ఒకరి పాత్రనుండి మరొకరి పాత్రలోనికి సెలయేరువలె జారవిడిచి అతిథినోట పోయు పద్ధతియు చూచితిని. ఛాయాగ్రాహకుల కది పండుగ. నా మటుకు నాకు అందులో త్రాగువానికంటె చూచువారికే మర్యాద యెక్కువ జరిగినట్లుండెను.

పరులను వాకిట నాపి మధురముగా పలుకరించు ఈ యూరికి పరులవలన కలిగిన యనుభవము మధురమైనది కాదు. 1855 మొదలు 1872 వరకు మంచూ చక్రవర్తుల సేనలతో మియావోలు సలిపిన పోరాటమున నాయకులలో నొకడైన యాంగ్ దాలియు ఈ గ్రామమువాడే. అతని యిల్లు నేటికిని ఇచ్చట చూపుదురు. ఆ యుద్ధమున నాశమైన యూరు మరల కట్టుకొన్నదని తెలిసిన పిమ్మట, పన్నెండు తావుల నాపుటలోని జాగ్రత్తయు నాకు కొంత అర్థమైనది.

ఇదంతయు సొమ్ముకొరకు గదా యని ఆక్షేపించు మిత్రులున్నారు. నిజమే. 1980ల నుండి లాంగ్‌దె యాత్రికులను స్వాగతించి ధనమార్జించుచున్నది. కాని ఆ ధనమును పంచుకొను తీరు వినదగినది: కమ్యూనుల కాలమునాటి పనిపాయింట్ల పద్ధతిని విడువక, స్వాగతమునకు వచ్చినవారికెల్ల చీటీలిచ్చి, వేషమునకును, వాద్యమునకును, నృత్యమునకును లెక్కలు కట్టి, వచ్చిన సొమ్మును చీటీల ననుసరించి పంచుదురు. వెండిదుస్తులు ధరించిన యువతికి హెచ్చు, ప్రక్కన నిలిచిన వృద్ధునకు కొంచెము, పిల్లలకును కొంత. నేర్పుగలవారి కిది అన్యాయమని లెక్కలెరిగినవారందురు. ఇండ్లను, బాటలను కాపాడినవా రందరును గనుక అందరికిని భాగమున్నదని గ్రామస్థుల వాదము. నా మొగ్గు వీరివైపే. దేవాలయమున వాద్యకారునకు మాన్యమున్నంతమాత్రమున నాదస్వరము బొంకగునా?

సాయంకాలము నన్ను భోజనమునకు పిలిచిన యింట చీటీలు లేవు. వరిమళ్లలోనే పెరిగిన గండుచేపలను, బియ్యపు కడుగునీళ్లను పులియబెట్టిన పులుసులో నుడికించి, పొయ్యిమీదనే నడుమ నుంచిరి. నిమ్మగడ్డిని తలపించు పరిమళము గల కొండకాయల తైలము పైన చుక్కలుగా పడెను. ఆ పులుపు చింతపండు పులుపువలె నాలుక నంటుకొనక, వెంటనే గొంతు దిగి ఆకలిని మరల లేపును. గృహస్థు పాత్ర నింపెను, త్రాగితిని. మరల నింపబోగా చాలునంటిని. అతడు నా పాదములవైపు చూపి, మనిషి నడచుట కాళ్లు రెంటితో గదా, ఒక్క పాత్రతో ఇల్లు చేరుటెట్లని దుబాసీ ద్వారమున నడిగెను. ఆచారమునకు తర్కము తోడైనపుడు వాదింపరాదు గనుక రెండవదియు పుచ్చుకొంటిని. మూడవదానికి అతని యొద్ద మరియొక తర్కము సిద్ధముగానే యుండెను.