కాయ పండాలంటే

అష్టాచెమ్మా ఆడకుండా పెరిగిన ఆడపిల్లలు మన తరంలో తక్కువ. నాలుగు గవ్వలు, గుప్పెడు చింతపిక్కలు, అరుగుమీద సుద్దముక్కతో గీసిన గళ్ళు. అంతే సరంజామా. కాని ఆ కాస్త ఆటలోనూ చాలా ఇళ్ళల్లో ఒక కఠినమైన నియమం ఉండేది. ఎదుటివాళ్ళ కాయని ఒక్కటైనా చంపితేనేగాని మన కాయ లోపలి గళ్ళలోకి పోకూడదు. ఎవరి జోలికీ పోకుండా బుద్ధిగా నడిచే కాయ ఎంతసేపైనా బయటి వరసలోనే తిరుగుతూ ఉండాలి. పండాలంటే చంపాలి! ఈ నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మనం అడిగామా? ఆటలో నియమం నియమమే గదా అని ఊరుకున్నాం.

ఈమధ్య కొన్ని ఆటల నిబంధనల పుస్తకాలు చదివాక నాకిప్పుడు అడగాలనిపిస్తోంది. నవలలు రాసుకునేదానివి, ఆటల పుస్తకాలతో నీకేం పని అంటారేమో. పనుంది. ఇవి పాత్రల ఆటలు. ఆడేవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు యోధుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు, ఒకరు గాయాలు మాన్పే పూజారిణి. ఆట నడిపే పెద్ద కథ మొదలుపెడితే, మిగిలినవాళ్ళు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతూ దాన్ని ముందుకు తీసుకుపోతారు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగుతుంది. ఇదివరకు బల్లచుట్టూ చేరి ఆడేవారు. ఇప్పుడు ఇంటర్నెట్ పుణ్యమా అని ఒకరు డాలస్‌లో, ఒకరు లండన్‌లో, ఒకరు మన కూకట్‌పల్లిలో కూర్చుని ఒకే కథలో నడవొచ్చు. కథ నడిచేకొద్దీ పాత్ర ఎదగాలి గదా! అందుకు పాయింట్లున్నాయి, మెట్లున్నాయి. ఏ పనికి ఎన్ని పాయింట్లో, ఎన్ని పాయింట్లకి ఏ మెట్టో నిబంధనలు చెబుతాయి. పాత్రని పెంచడం నా వృత్తి కూడా కాబట్టి ఆ నిబంధనల్ని నవలని చదివినట్టే చదివాను. నవలని విమర్శించినట్టే విమర్శిస్తాను.

ఈ కుటుంబానికంతటికీ మూలపురుషుడు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. అందులో పాయింట్లు ముఖ్యంగా రెండు పనులకి వచ్చేవి. ఒకటి రాక్షసుల్ని చంపడం, రెండు బంగారం తేవడం. ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో పాయింటు. మన అష్టాచెమ్మా పెద్దలూ వీళ్ళూ ఎక్కడో చుట్టాలే అనిపించింది!

పైగా మెట్టు ధర అందరికీ ఒకటి కాదు. 1981 నాటి పుస్తకం ప్రకారం రెండో మెట్టెక్కడానికి దొంగకి 1,200 పాయింట్లు చాలు. యోధుడికి 2,000 కావాలి. మంత్రగాడికి 2,500. ఎల్ఫ్ అనే అడవిజాతి వాడికైతే ఏకంగా 4,000. ఇదేం అన్యాయమనిపిస్తుంది. కాని అందులో లెక్క లేకపోలేదు. ఎల్ఫ్ కత్తీ తిప్పుతాడు, మంత్రమూ వేస్తాడు. రెండు విద్యలకి రెండింతల ఖర్చు. దొంగకి బలం తక్కువ కనక త్వరగా ఎదగనిచ్చారు. మంత్రగాడు మొదట్లో ఒక్క దెబ్బకి పడిపోతాడు, చివరికొచ్చేసరికి అందర్నీ మించిపోతాడు. జీవితం మొత్తంమీద సరిచూస్తే సరిపోతుందన్నమాట. బాగానే ఉంది. మరి ఆట నాలుగోవారంలో ఆగిపోతే? మొదట్లో దెబ్బలు తిన్న మంత్రగాడికి ఆ చివరి వైభవం ఎవరిస్తారు? “ఇప్పుడు ఓర్చుకోవమ్మా, ముందుముందు అంతా నీదే” అని కొత్తకోడలితో అంటారు చూడండి, ఆ మాటలో ఎంత న్యాయముందో ఇందులోనూ అంతే ఉంది.

ఇంకో పేజీ దగ్గర నా చూపు ఆగిపోయింది. 1978లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్’ పుస్తకంలో మనిషి పాత్రకి మొదట్లో బలం పద్ధెనిమిదికి మించదు. యోధులకి మాత్రం ఆ పద్ధెనిమిది పైన మళ్ళీ నూరు చిన్న మెట్లున్నాయి. మగ పాత్రకి ఆ నూరూ దొరకొచ్చు. ఆడ పాత్ర యాభై దగ్గర ఆగిపోవాలి. నిప్పులు కక్కే డ్రాగన్లనీ, చచ్చినవాళ్ళు లేచిరావడాన్నీ ఒప్పుకున్న పుస్తకం, ఆడదానికి అంత బలం ఉంటుందంటే మాత్రం ఒప్పుకోలేకపోయింది! 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ హద్దు తీసేశారు. 2000లో మూడో కూర్పు అన్ని వృత్తులకీ ఒకే పట్టిక పెట్టింది. ఎల్ఫ్‌లూ మరుగుజ్జులూ ఇంతకుమించి ఎదగకూడదన్న పరిమితుల్నీ ఎత్తేసింది. కాగితంమీద అందరూ సమానమయ్యారు.

గొడవ తీరిందా? తీరలేదు. పాత్రలు సమానమయ్యాయిగాని, వాటిని ఆడేవాళ్ళు సమానం కాలేదు.

మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. శనివారం రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి, ఇంటర్నెట్‌లో మరో ఐదుగురితో కలిసి ఇలాంటి ఆట ఆడేది. దానిది గాయాలు మాన్పే పూజారిణి పాత్ర. ఏడాదిపాటు ఆ పూజారిణి కబుర్లు నాకు ఫోన్లో చెప్పని వారం లేదు. పోయిన చలికాలం చిన్నవాడికి జ్వరం, ఆ వెంటనే అత్తగారి ఆపరేషన్. ఐదు శనివారాలు పోయాయి. తిరిగి వెళ్ళేసరికి మిగిలినవాళ్ళు రెండు మెట్లు పైనున్నారు. వాళ్ళ స్థాయికి తగ్గ శత్రువు ఒక్క దెబ్బ వేస్తే దీని పాత్ర పడిపోతోంది. ఆట నడిపే పెద్దని అడిగితే, రానివాళ్ళకి పాయింట్లిస్తే వచ్చినవాళ్ళకి అన్యాయం చేసినట్టు కాదా అన్నాడట.

“మానేశాను పిన్నీ” అంది.

“అంతమాత్రానికే మానేస్తారుటే?” అన్నాను.

“వాళ్ళు పొమ్మనలేదు పిన్నీ. నేనే వాళ్ళ వెనకాల నడవలేకపోయాను” అంది.

ఆ పెద్ద అన్నమాటని నేను కొట్టిపారెయ్యను. కష్టపడ్డవాడికి ఫలితం దక్కాలన్నది చిన్న న్యాయమేం కాదు. ఐదు వారాలు నిద్రమానుకుని వచ్చినవాళ్ళని పట్టుకుని, రాకపోయినా ఇదే దొరికేదంటే వాళ్ళకి మండదూ? కాని ఇక్కడొక మెలిక ఉంది. పాయింటు అనేది బహుమతి మాత్రమే కాదు, టికెట్టు కూడా. కింద మెట్టు మీదున్న మనిషికి రేపటి ఆటలో చేసేందుకు పనే ఉండదు. బహుమతి ఇవ్వకపోవడం వేరు, బండి ఎక్కనివ్వకపోవడం వేరు. ఈ రెండూ ఒకే అంకెలో కలిసిపోవడమే అసలు చిక్కు.

2014లో వచ్చిన అయిదో కూర్పు, ఆట నడిపేవాళ్ళకోసం వేసిన పుస్తకంలో ఈ సంగతి ఎత్తింది. మామూలుగా పాల్గొన్నవాళ్ళకే పాయింట్లు; ఇష్టమైతే రానివాళ్ళకీ సమానంగా ఇవ్వొచ్చు అని దారి చూపింది. రాకపోయినా పాయింట్లొస్తాయని తెలిసినంతమాత్రాన సరదా వదులుకుని కావాలని ఎగ్గొట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు అన్న ధోరణిలో మాట్లాడింది. ఎంత మర్యాదైన మాట! రాని మనిషిని దొంగలా కాకుండా, రాలేకపోయిన మనిషిగా చూసింది.

ఆట పెద్ద ఒక మనిషైతే ఇలా జాలిపడొచ్చు. వేలమంది ఒకేసారి ఆడే కంప్యూటర్ ఆటల్లో లెక్కంతా యంత్రానిది. 1999లో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’లో శత్రువుని చంపితే ఆ పాయింట్లు గుంపంతా పంచుకునేవారు. కత్తి తిప్పినవాడికీ, వెనక నిలబడి గాయాలు మాన్పినవాళ్ళకీ వాటా ఉండేది. వండినామెకీ విస్తరి వేశారన్నమాట, మెచ్చుకోవాలి. కాని అదే ఆటలో రెండు విద్యల పాత్రలు కొన్నిటికి ప్రతి మెట్టుకీ 40 శాతం ఎక్కువ పాయింట్లు కావలసొచ్చేది. ఆ భారంలో కొంత తోటివాళ్ళ వాటాలోంచి పోయేది. ఫలితం ఊహించుకోండి. అలాంటి పాత్ర కనబడితే “మా గుంపులో చోటు లేదు” అనేవాళ్ళు తయారయ్యారు. తరవాత ఆ నియమం తీసేశారనుకోండి. కాని ఒక పాఠం మిగిలింది. చెడ్డ నియమం మంచివాళ్ళ చేత కూడా మనుషుల్ని దూరం పెట్టిస్తుంది.

2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ కథ మరీ బాగుంటుంది. ఆట బయటికి రాకముందు పరీక్షదశలో ఒక నియమం పెట్టారు. గంటల తరబడి ఆడేవాడి పాత్ర అలిసిపోయి, పాయింట్లు సగానికి పడిపోతాయి. ఆడేవాళ్ళు భగ్గుమన్నారు. అప్పుడు తయారుచేసినవాళ్ళు అంకెల్ని తిప్పి రాశారు. ఆడకుండా విశ్రాంతి తీసుకుని వచ్చిన పాత్రకి కాసేపు రెండింతల పాయింట్లొస్తాయి, ఆ తరవాత మామూలుగా వస్తాయన్నారు. లెక్క అదే, పేరు మారింది. అందరూ సంతోషించారు! పాత్ర సత్రంలో పడుకుంటే ఎనిమిది గంటలకి మెట్టులో నూటికి అయిదు వంతుల చొప్పున ఆ విశ్రాంతి జమవుతుంది. ఇంటిపనికి వెళ్ళిన మనిషికి, ఆమె లేని కాలాన్ని కూడా ఎంతోకొంత లెక్కకట్టి చేతిలో పెట్టే నియమం ఇది. ఇవన్నీ చదివినదాంట్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇదే ఆటలో మొదట్లో నలభైమంది కలిసి ఒక పెద్ద శత్రువుని కొట్టేవారు. తీరా చూస్తే దొరికే వస్తువులు రెండో మూడో. ఎవరికివ్వాలి? ఈ తగవుకి ఎవర్‌క్వెస్ట్‌లో ఆఫ్టర్‌లైఫ్ అనే గుంపు 1999లోనే ఒక ఉపాయం కనిపెట్టింది. దాని పేరు ‘డ్రాగన్ కిల్ పాయింట్లు’. వచ్చినప్పుడల్లా హాజరుకి పాయింట్లిస్తారు. కావలసిన వస్తువుకి ఆ పాయింట్లు ఖర్చుపెట్టుకోవాలి. తరవాత్తరవాత కొన్ని గుంపుల్లో, వస్తువు తీసుకున్నవాడు వదులుకున్న పాయింట్లు మిగిలినవాళ్ళకి సమానంగా పంచే పద్ధతీ వచ్చింది. చీటీపాటలో పాడుకున్నవాళ్ళు తగ్గించుకున్న సొమ్ము సభ్యులందరికీ పంచరూ, అచ్చం అలాగే. చీటీలు కట్టిన మనకి ఇందులో మంచీ తెలుసు, చెడూ తెలుసు. మొదట్నించీ ఉన్నవాళ్ళు పాయింట్లు పోగేసుకుని కూర్చుంటే కొత్తగా చేరినవాళ్ళ పాట ఎప్పటికీ పైకి రాదు. అందుకే కొన్ని గుంపులు దాచుకున్న పాయింట్లు వారం వారం కొంత తరిగిపోయేలా నియమం పెట్టుకున్నాయి. పాతకాపులకి కోపం వచ్చినా అది సరైన పనే.

మాటలు రాసుకుంటూ ఆడే కొన్ని సమూహాల్లో తోటివాళ్ళు ఓటేస్తే పాయింట్లొస్తాయి. వినడానికి ముచ్చటగానే ఉంది, చంపడానికి కాక బాగా నటించినందుకు మెప్పు. కాని నలుగురు స్నేహితులు ఒకరికొకరు వేసుకుంటే, మొగమాటస్తురాలికి ఎవరు వేస్తారు? పేరంటంలో అందరి తాంబూలాలూ ఒకే కొంగులో పడ్డట్టుంటుంది.

ఇక డబ్బు సంగతి. మెట్టు అంటే చెమటోడ్చి సంపాదించేదని ఇన్నేళ్ళూ చెప్పిన వార్‌క్రాఫ్ట్ కంపెనీయే 2014లో 60 డాలర్లిస్తే పాత్రని ఒక్కసారిగా తొంభయ్యో మెట్టుమీద కూర్చోబెడతామంది. జ్వరం వచ్చిన పిల్లాడి తల్లికి ఊరికే ఇస్తే అన్యాయమవుతుందిట, అమ్మితే మాత్రం వ్యాపారమవుతుందిట!

నవలలో నేను ఎవరికీ న్యాయం చెయ్యనక్కర్లేదు. నాయికని ఎదగనిచ్చి, ఆమె చెల్లెల్ని మూడో ప్రకరణంలో మర్చిపోయినా ఆ చెల్లెలు వచ్చి నా తలుపు తట్టదు. మహా అయితే నలుగురు పాఠకులు ఉత్తరాలు రాస్తారు. ఈ ఆటల్లో అలా కుదరదు. ప్రతి పాత్ర వెనకా ఊపిరి తీసుకుంటున్న మనిషి ఉంది. ఇక్కడ అప్రధాన పాత్రలు లేవు. ఆ సంగతి మర్చిపోయి, ఒకరిద్దరు నాయకులకోసం మిగిలినవాళ్ళు నడిచే నవలలా నియమాలు రాయడమే ఈ ఆటల్లో నాకు కనబడ్డ పెద్దలోపం.

కష్టపడ్డవాళ్ళకి బిరుదులివ్వండి, కథలో పేరివ్వండి, బంగారు కత్తులివ్వండి. ఎవరూ కాదనరు. కలిసి నడవడానికి కావలసిన సత్తువ మాత్రం అందరికీ పంచండి. నియమాలు రాసేవాళ్ళు దస్త్రం మూసేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఐదు వారాలు రాలేకపోయిన మనిషి ఆరోవారం వచ్చి కూర్చుంటే, ఆ రాత్రి ఆమెకి చెయ్యడానికి పనేమైనా మిగిలి ఉంటుందా?