ఉడుకు నీళ్ల ముద్ద

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక అట్టపెట్టె. నారాయణఖేడ్‌లో మా మనవరాలికి ఎవరో కానుకగా ఇచ్చారు. లోపల పొట్లంలో వంటసోడా, ఇంకో పొట్లంలో నిమ్మఉప్పు, ఎర్రరంగు, ఒక ప్లాస్టిక్ కొండ. నీళ్లు పోస్తే కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగుతుంది. కానీ సోడా, నిమ్మకాయ దొరకని ఇల్లుందా? పసుపు తడిపి కాగితానికి పూసి, ఆరాక సబ్బునీళ్ల చుక్క వేయండి, ఎర్రబడుతుంది. నిమ్మరసం పడితే మళ్లీ పసుపే. పారాణి ఎరుపూ అంతే, పసుపులో సున్నం. (పిల్లల చేతికి సున్నం మాత్రం ఇవ్వకండి, కళ్లకు ప్రమాదం.)

అసలు మా వైపు ప్రయోగశాల రొట్టెల పెనం దగ్గరే ఉంది. జొన్నలో గ్లూటెన్ ఉండదు. గోధుమపిండి చన్నీళ్లకే సాగుతుంది. జొన్నపిండి అలా కలిపితే తట్టేలోపే అంచులు పగులుతాయి. మసిలే నీళ్లు పోస్తే పిండిపదార్థం ఉడికి జిగురొస్తుంది. మా అక్క వేళ్లకు ఎనిమిదేళ్లకే ఇది తెలుసు. పొడిపిండి చల్లి, ముద్దను తిప్పుతూ తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లతో తడిపేది. ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పెయ్యాలి. ఆలస్యమైతే పగుళ్లే.

ఇక్కడిదాకా రాసి, పెట్టెను నాలుగు తిట్టి ముగిద్దామనుకున్నా. కానీ అక్క ఆడుకున్నదెక్కడ? రొట్టె విరిగితే చీవాట్లు, బడికి వేళయిందన్న కంగారు. నేను ముద్ద కోసం చెయ్యి చాపితే అవ్వ, "మొగపోరనివి, నీకేం పనిరా ఈడ, బయటికి పో" అనేది. అక్కకు చాకిరీ, నాకు గెంటివేత. పాడుచేసుకోవడానికి ఒక్క ముద్ద ఇద్దరిలో ఎవరికీ దక్కలేదు. అంగన్‌వాడీల్లో ఆటలతో చదువు కోసం 2023లో 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం వచ్చింది. ఇళ్లలో మాత్రం ఇప్పటికీ ఏబీసీడీలు వచ్చాయా అన్నదే ప్రశ్న.

ఆ పెట్టె మీద 'పెద్దల సాయంతో' అని అచ్చువేశారు. అది చూసే మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి కూతురి ఎదురుగా బాసింపట్టు వేసుకున్నాడు. గచ్చంతా ఎర్రనీళ్లయినా ఇంట్లో ఎవరూ కసరలేదు. మా వంటింటి డబ్బాలు ఇన్నేళ్లలో చేయించలేని పని ఇది. కాబట్టి కొనేవాళ్లు కొనండి, నాకిక అభ్యంతరం లేదు. పొట్లాలు అయిపోయాక మాత్రం ఇంకో పెట్టె వద్దు. రెండు గిన్నెల్లో జొన్నపిండి పెట్టండి. ఒకదాంట్లో చన్నీళ్లు పిల్ల పోస్తుంది, రెండోదాంట్లో ఉడుకు నీళ్లు మీరు పోయండి. చేతికి ఓర్చేంత చల్లారాక ఆ ముద్ద దానికిచ్చెయ్యండి.