కీర్తనల పుస్తకం: రాసినవాళ్లు, పాడినవాళ్లు

ప్రజాసాహిత్యం అనగానే మన విమర్శకులు బుర్రకథను పట్టించుకున్నారు, తత్వాలను పట్టించుకున్నారు, వేమనను భుజానికెత్తుకున్నారు, ఆలస్యంగానైనా జాషువాను తమవాడన్నారు. కాని కడప, కర్నూలు జిల్లాల మాలపల్లెల్లో ఒక ఇంట్లో ఒకే ఒక్క పుస్తకం ఉందంటే, అది తరచుగా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమే. అట్టలు ఊడి, గోనెదారంతో కుట్టుకున్న ఆ పుస్తకం మీద మన దృష్టి పడలేదు. ఆర్. ఆర్. సుందరరావు 1983లో ఈ కీర్తనల్లోని భక్తితత్వాన్ని గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథం తెచ్చారు. అది విలువైన పని. అయితే అది వేదాంత విచారం. సాహిత్య విచారం మనం చేయవలసింది.

ఇది మతసాహిత్యం, అందులోనూ దొరల మతం అనేది మనవాళ్ల అభ్యంతరం. అన్నమయ్య, రామదాసు రాసింది మతసాహిత్యం కాదా? మతం మత్తుమందన్న మార్క్సు మాటను వల్లించేవారు దాని ముందున్న మాటల్ని కూడా ఒకసారి చదవాలి. ఇక దొరల మతమన్న మాట. ధాత కరువులో, అంటే 1876-78లో, గంజి కోసం మతం పుచ్చుకున్నారని ఒక ఎత్తిపొడుపు నేటికీ వినబడుతుంది. కరువు తర్వాత క్రైస్తవుల సంఖ్య పెరిగిన మాట నిజమే. కాని కడపలో లండన్ మిషన్ 1822లోనే వెలసింది. ఈ సీమలో మాలలు గుంపులుగా ఆ మతంలో చేరడం 1850 ప్రాంతంలోనే, కరువుకు పాతికేళ్ల ముందే మొదలైంది. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల, జమ్మలమడుగు వంటి మిషన్ స్థానాల చరిత్రను గంజి ఒక్కటే వివరించలేదు. ఊరి బావి దగ్గరకు రానివ్వనివాళ్లకు బడిలో పలక చేతికిచ్చిన సంగతిని మరిచి ఈ చరిత్ర చెప్పకూడదు.

ఈ కీర్తనలు రాసిందెవరు? మొదట చెప్పవలసిన పేరు పురుషోత్తమ చౌధరి (1803-1890). పర్లాకిమిడి ప్రాంతంవాడు, వైష్ణవ సంప్రదాయంలో పెరిగినవాడు, 1833లో బాప్తిస్మం పొందాడు. తర్వాత పులిపాక జగన్నాథం, విశాఖ లండన్ మిషన్ బడి నుంచి వచ్చిన బ్రాహ్మణుడు. అంటే పుస్తకానికి పునాది వేసినవాళ్లు అగ్రవర్ణాల నుంచి, ఉత్తర కోస్తా నుంచి వచ్చినవాళ్లు. పాడినవాళ్లు రాయలసీమలో జీతగాళ్లు, కూలీలు. ఈ అంతరాన్ని గుర్తించకుండా ఈ సాహిత్యాన్ని అంచనా వేయలేం.

చౌధరి తెచ్చిన రూపం పల్లవి, చరణాల కీర్తన. భాష సంస్కృత సమాసాల బరువున్నది. పాటపైన రాగం, తాళం అచ్చువేసివుంటాయి. విమర్శకుడు దీన్ని చూసి పాత సీసాలో కొత్త సారా అని తోసెయ్యవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని ఒక విషయం ఆలోచించండి. తాళ్లపాక ఉమ్మడి కడప జిల్లాలోనిదే. ఆ పదకర్త పాడిన గుడి గడప దాటే హక్కు మాలకు లేదు. పాట వినాలంటే ప్రాకారం బయట నిలబడాలి. అటువంటివాడు ఆదివారం పొద్దున తన సొంత మందిరంలో, చాపమీద కూర్చుని, ఆనందభైరవి రాగంలో గొంతెత్తాడు. ఆ రాగం పేరు అతనికి తెలియకపోవచ్చు. గొంతుకు తెలుసు. అగ్రహారం సొత్తయిన రూపాన్ని ఒక అగ్రవర్ణుడే తెచ్చి పల్లెవాడి గొంతులో పెట్టాడు. ఇది పందొమ్మిదో శతాబ్దపు సాహిత్య చరిత్రలో చిన్న ఘటన కాదు.

మరి వస్తువు? ఇక్కడే చిక్కు. పాపం ఉంది, పశ్చాత్తాపం ఉంది, సిలువ ఉంది. కరువు లేదు, వెట్టి లేదు, గేరి లేదు. చౌధరికి కులం సంగతి తెలియక కాదు. కులాచార పరీక్ష అని విడిగా ఒక గ్రంథమే రాశాడు. కాని వాదంలో చెప్పింది కీర్తనలోకి రాలేదు. అక్కడ శత్రువు మనిషి లోపలి పాపమే, బయటి పెత్తనం కాదు.

ముఖ్యంగా ‘దాసుడు’ అన్న మాట చూడండి. వైష్ణవుడికి ఆ మాట గౌరవం, బిరుదు. పల్లెలోని జీతగాడికి అది అతని బతుకే. ఈ మాట పల్లెను ఇంకా అణకువకే అలవాటు చేసిందని నేనొక సభలో గట్టిగా వాదించాను. ఆ తర్వాత జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో, నా పాత విద్యార్థి అవ్వను ఈ మాటే అడిగాను. ఆమె తమలపాకు నములుతూ, “అట్లగాదు సారూ. ఆయప్పకు దాసులం అంటే ఈ ఊర్లో ఎవురికీ గాదని గదా” అన్నది. నా వాదం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ మాటకు సంఘాన్ని కదిలించే శక్తి పుస్తకంలో లేదు. అయితే పాడేవాడు పాటలో పెట్టుకున్న అర్థం రాసినవాడి అర్థానికి ఎదురు నిలవగలదని ఆమె నాకు నేర్పింది.

పుస్తకంలోని అనువాద గీతాల గురించి ఎక్కువ చెప్పను. ఇంగ్లీషు పాట చివర ఊనిక ఉన్న మాటమీద స్వరం నిలుస్తుంది. తెలుగులో ఆ చోట ‘ము’, ‘డు’, ‘ను’ వస్తాయి. విభక్తి ప్రత్యయాన్ని నాలుగు మాత్రలు సాగదీసి పాడితే ఎంత భక్తి ఉన్నా నవ్వు వస్తుంది. పల్లెలు వీటిని మెల్లగా వదిలేసి కీర్తనలనే నిలుపుకొన్నాయి. ప్రజల విమర్శ మన విమర్శకంటే ముందే జరిగిపోయింది. ఇంకో విశేషం: 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికనులు విడిగా ఉండిపోయి 1975లో గాని కలవలేదు. బాప్టిస్టులు ఎన్నడూ కలవలేదు. పాటల పుస్తకం మాత్రం అందరిదీ ఒకటే.

గేరి బాధ కీర్తనలోకి రాలేదు సరే, మరెక్కడికి పోయింది? జాషువా పద్యంలోకి పోయింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి 1941లో గబ్బిలంతో తన మొర పంపింది కాశీ విశ్వనాథుడికి. క్రీస్తు చరిత్ర కూడా ఆయనే రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కాని కులం మీద ఫిర్యాదుకు ఆయనకు కీర్తన రూపం పనికిరాలేదు. దీన్ని జాషువా మీద నిందగా గాక, కీర్తన మీద విమర్శగా చదవాలని నా అభిప్రాయం.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఈ మౌనాన్ని ఇంకా పెంచింది. మతం మారిన దళితుడికి షెడ్యూల్డు కుల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో వాళ్లకున్నది బీసీ-సీ కింద ఒక్క శాతం. అందుచేత ఆదివారం పాడే పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు ఇంకొకటి. ఉపాధ్యాయుడిగా ఆ రెండు పేర్లూ నా చేత్తో రాసినవాణ్ణి. తన పేరునే దాచుకోవలసినవాడు తన పాట కింద పేరు వేసుకుంటాడా?

వేసుకోని పాటలున్నాయి. పల్లెల్లో ఉపదేశులు కట్టినవి, క్రిస్మస్ రాత్రి చెక్కభజనలో పాడేవి. కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి తత్వాల వరసలు వాటిలో స్పష్టంగా వినిపిస్తాయి. బ్రహ్మంగారి శిష్యుల్లో కక్కయ్య మాదిగ అనే కథ ఈ పల్లెల్లో అందరికీ తెలిసినదే గనుక ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఈ పాటల్లో వానరాని ఏళ్లున్నాయి, కర్నూలు-కడప కాలవలో మట్టిమోసిన తాతలున్నారు, బంగాళాఖాతం దాకా పోయిన వలసలున్నాయి. అచ్చు పుస్తకం సంపాదకులు వీటిని తీసుకోలేదు. భాష మోటుగా ఉందన్నది ఒక కారణం కావచ్చు. తప్పెటను మందిరంలోకి రానివ్వని చూపు కూడా అదే.

నేను చూసిన ఒక ఉపదేశి నోటుపుస్తకంలో ఇటువంటివి పదకొండు ఉన్నాయి. ఆయన పోయాడు, పుస్తకం కూతురి దగ్గరుంది. వానకు తడిసి మూడు పాటలు చదవడానికి వీల్లేకుండా పోయాయి. మిగిలిన ఎనిమిదీ ఎత్తిరాసుకున్నాను. కరువు పాట పైన రాగం పేరు లేదు. ఆ చోట ‘చెక్కభజన, రెండో అడుగు’ అని ఉంది.