బుడ్డి, బ్యాటరీ, ఫ్యూజు

మా పక్కింటి పెద్దాయన ఈ వారం తన షెడ్డుకు పిలిచి చేపల దీపం చూపించాడు. ఆ సంతోషం నాకింకా దిగలేదు. ఒక పొడుగాటి పీవీసీ గొట్టం, దాని కొసకు పది వాట్ల ఎల్‌ఈడీ, నీరు చొరకుండా చుట్టూ సిలికాన్. తీగ గొట్టంలోంచే పైకొచ్చి వీపు సంచిలోని 12 వోల్టుల బ్యాటరీకి చేరుతుంది. చీకటి రాత్రి, గాలి లేనప్పుడు, న్యూజిలాండ్‌లోని మా ఊరు టౌరంగా హార్బరులో మోకాలి లోతు నీళ్లలో నెమ్మదిగా నడుస్తూ ఫ్లౌండరు చేపల్ని ఈటెతో పొడిచేవాళ్లకు ఇలాంటి దీపం ఉండాలి. ఫ్లౌండరంటే ఇసుక కప్పుకుని, రెండు కళ్లూ పైకి పెట్టి పడుకునే బల్లపరుపు చేప.

దీపాన్ని నీళ్లపైన పట్టుకుంటే వెలుగు అలల మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. నీళ్లలో ముంచితే అడుగంతా కనిపిస్తుంది. అదీ కిటుకు. ఇదివరకు ఎల్‌ఈడీ బదులు కారు హెడ్‌లైటు బల్బు పెట్టేవాడట. నీళ్లలో ఉన్నంతసేపూ దానికి ఇబ్బంది లేదు. వెలుగుతుండగానే పైకి తీసి, ఎవరితోనో నాలుగు మాటలాడి మళ్లీ ముంచితే టప్పున పగిలేదట. ఎల్‌ఈడీకి ఆ గొడవ లేదు. ఒక ఆంపియరు కూడా లాగదు కాబట్టి దొంగల అలారం పెట్టెలో ఉండే చిన్న బ్యాటరీయే ఒక వేటకు చాలు.

కొన్నదానికన్నా కట్టుకున్నదే గొప్పదని నేను వాదిస్తూ ఉంటానని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. లాయిడ్ మాండెనో పేరెత్తకుండా కరెంటు గురించి రాయలేననీ తెలుసు. కాబట్టి ఎత్తేస్తున్నాను. ఓమనావా జలపాతం నుంచి ఈ ఊరికి 1915లో కరెంటు వచ్చిన తొలిరోజుల్లో ఊరి ఎలక్ట్రికల్ ఇంజనీరు ఆయన. దూరపు పల్లెలకు రెండేసి తీగలు లాగితే ఖర్చు గిట్టదని, 1925 ప్రాంతంలో ఒకే తీగ లాగి, రెండో తీగ పని నేలకు అప్పజెప్పాడు. జనం దానికి ‘మాండెనో బట్టల తీగ’ అని పేరు పెట్టారు. ఆ వెక్కిరింతలో ఉన్న ముద్దు నాకిష్టం.

అసలు సంగతికొస్తాను. షెడ్డులో ఆ గొట్టం చేతికందగానే నాకు కందుకూరు వైపు మా మేనమామ పొగాకు బ్యారన్ గుర్తొచ్చింది. పచ్చాకును కర్రలకు కట్టి, బ్యారన్ లోపల వరసలు వరసలుగా వేలాడదీసి, కింద పొయ్యి రాజేస్తే రోజుల తరబడి రాత్రీపగలూ చూసుకోవాలి. మొదట ఆకు పసుపు తిరిగేదాకా గోరువెచ్చగా ఉండాలి. తర్వాత మెల్లమెల్లగా పెంచుకుంటూ, చివరికి ఈనె కూడా ఎండడానికి 160 డిగ్రీల ఫారన్‌హీటు దాకా తీసుకెళ్లాలి. వేడి తొందరపడితే ఆకు మాడుతుంది, ఆలస్యమైతే మచ్చలు పడుతుంది, వేలంలో ధర పోతుంది. అర్ధరాత్రి లేచి అద్దం కిటికీ దగ్గర దీపం పెట్టి లోపలి థర్మామీటరు చూడాలి. “ఒరే అల్లుడూ, బుడ్డి తీసుకురారా” అనేవాడు మామయ్య.

ఆ బుడ్డి ఆయన చేసిందే. ఖాళీ సిరాబుడ్డి మూతకు మేకుతో బెజ్జం కొట్టి, అందులో పాత సైకిలు ట్యూబు వాల్వు గొట్టం దిగ్గొట్టి, చిరిగిన పంచె పీలికను వత్తిగా పేనాడు. రేషను షాపు నీలం కిరసనాయిలు పోస్తే వత్తి తనంతట తానే పైకి పీల్చుకునేది. వెలుతురు కన్నా పొగే ఎక్కువ, నిజమే. అయినా థర్మామీటరు గీతలు కనిపించేవి. పైసా ఖర్చులేని ఆ దీపం నాకు ఒక కళాఖండం. ఈ వారం కాలమ్ అంతా దానికే హారతి పడదామనుకున్నాను.

ఆ హారతి పట్టనివ్వనిది ఒక ఫ్యూజు. పెద్దాయన దీపం వెలిగించకముందే వీపు సంచి విప్పి, బ్యాటరీకి జానెడు దూరంలో ఉన్న ఫ్యూజు చూపించాడు. తీగ ఎక్కడైనా ఒరిసి రెండు పోగులూ కలిస్తే వీపు మీద మంట లేస్తుంది కదా, అది రాకుండా. ఆ తర్వాతే వెలుగు సంగతి.

మామయ్య బుడ్డిలో ఆ పని చేసేదేమీ లేదు. మూత మర అరిగిపోతే గుడ్డ చుట్టి బిగించేవాళ్లు. కాలు తగిలితే దొర్లుతుంది, మూత ఊడుతుంది, నూనె ఒలుకుతుంది. పక్కన గలగలలాడే ఎండాకు, పైన తాటాకు పాక. వంటింట్లో అదే బుడ్డి పిల్లల ఎత్తులో, నైలాన్ చీరల పక్కన ఉండేది.

శ్రీలంకలో విజయ గొడకుంబుర అనే సర్జన్‌కు ఇలాంటి సీసాదీపాలతో కాలి వచ్చేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. పొట్టిగా బొద్దుగా ఉండే మార్మైట్ సీసా ఆయనకు దారి చూపింది. ఆయన రూపొందించిన దీపానికి మందపాటి గాజు, బరువైన అడుగు, పడినా దొర్లకుండా రెండు పక్కలా చదును, మర బిగిసే లోహపు మూత. దానికి 1998లో రోలెక్స్ అవార్డు వచ్చింది. అయితే ఆ సీసాను ఇంట్లో చేసుకోలేం. అచ్చు కావాలి, కొలిమి కావాలి, లక్షల్లో పోతపోసే ఫ్యాక్టరీ కావాలి. అప్పుడే అది పేదవాడికి అందే ధరకు దిగింది. నా వాదనకు అక్కడ గండి పడింది. వెలుగును ఎవరైనా కట్టుకోవచ్చు. పడితే ఏమవుతుందన్నది మాత్రం మర లోతు, గాజు మందం లెక్క. అది మేకుతో బెజ్జం కొట్టేవాడి చేతిలో లేదు. పెద్దాయన కూడా ఫ్యూజు కొన్నాడు, చేసుకోలేదు.

ఊళ్లో మీవాళ్ల ఇంట్లో అటక మీదో, పశువుల కొట్టంలోనో ఇంకా సిరాబుడ్డి దీపం ఉంటే, ఫోన్ చేసి మూత మర పడుతుందో లేదో అడగండి. పడకపోతే పారేయించి, ఒక సోలార్ లాంతరు కొనిపెట్టండి. అవును, కొనమనే చెబుతున్నాను.